ఢిల్లీ నుంచి మూడున్నర గంటలు

రెండు ఊళ్ల మధ్య విమాన దూరం ఎంత, ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది అని ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. ఫోనులో రెండు పేర్లు కొడితే జవాబు వస్తుంది. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ సంగతి మనిషిని మనిషే అడగాల్సి వచ్చేది. తిరుపతిలో అలా అడగాల్సిన చోటు మా ఆఫీసు. జవాబు చెప్పడం నా పని.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. ఇందులో వచ్చే మనుషుల్లో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ఢిల్లీలో ఉన్న నా స్నేహితురాలు కిందటి నెల చనిపోయింది. మా ఇద్దరికీ పరిచయమైన రోజు గురించే రాస్తున్నాను. పెద్ద ప్రమాదాలు, గొప్ప ప్రయాణికులు ఇందులో లేరు. ఎయిర్‌లైన్సులో ఇప్పుడు చేరుతున్న పిల్లలు చదివితే, మా కాలంలో పని ఎలా సాగేదో కొంత తెలుస్తుంది.

బస్టాండు దగ్గర వీధిలో ఒక గది మా ఆఫీసు. రెండు బల్లలు, ఒక టెలిఫోను, గోడకు దేశపటం. పటం మీద ఊరికీ ఊరికీ మధ్య ఎర్ర గీతలు ఉండేవి. విమానాలు దిగేది రేణిగుంటలో. హైదరాబాదు నుంచి ఒకటి, మద్రాసు నుంచి ఒకటి, రెండూ పంకాలు తిరిగే చిన్న విమానాలే. అవి కూడా రోజూ వచ్చేవి కావు. టిక్కెట్లు రాయడం, విమానం ఉన్న రోజు ప్రయాణికులను వ్యానులో తీసుకుపోయి ఎక్కించడం, దిగినవాళ్లను ఊళ్లోకి తీసుకురావడం, ఇంతే పని. ముగ్గురం చేసేవాళ్లం. ఆఫీసుకు పెద్ద మా సీనియర్, చిత్తూరాయన. తర్వాత నేను. వ్యాను డ్రైవరుది పుత్తూరు. దిగినవాళ్లలో కాలో చెయ్యో కట్టు కట్టుకున్నవాళ్లు కనబడితే, “ఈయన కొండకు గాదు, మా ఊరికే వచ్చినాడు,” అని ముందే పోల్చేవాడు. పుత్తూరులో ఎముకలు సరిచేసి కట్టు కట్టేవాళ్ల పేరు అంత దూరం పోయింది. డ్రైవరు లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

మా సీనియర్‌కు మాట విషయంలో పట్టింపు ఎక్కువ. విమానం వస్తుంది అని ఎవరితోనూ అననిచ్చేవాడు కాదు.

“వస్తుందని సెప్పేదానికి మనమెవరమ్మా? రావాల్సి ఉండాది అని సెప్పు. దిగినాక, వచ్చింది అని సెప్పు. మధ్యలో ఇంగే మాటా వద్దు,” అనేవాడు.

టిక్కెట్టు కోసం వచ్చినవాళ్లకు ఇది నచ్చేది కాదు. ఒకసారి పలమనేరు నుంచి వచ్చిన పట్టుగూళ్ల వ్యాపారి, “రావాల్సి ఉండే ఇమానానికి ఇవ్వాల్సి ఉండే దుడ్లు ఇస్తాలేప్పా,” అని ఎదురు చెప్పి వెళ్లాడు. సీనియర్ చాలాసేపు నవ్వాడు. పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

అంత పట్టింపు ఉన్న మనిషి గోడమీద ఒక బోర్డు పెట్టాడు. నల్లటి పలక మీద తెల్లరంగుతో తన చేత్తోనే రాశాడు. ఊరి పేరు, దాని ఎదురుగా విమాన దూరం, ఆ పక్కన సమయం. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు రెండు గంటలు. హైదరాబాదు నుంచి తిరుపతికి గంటన్నర. కొండకు వచ్చినవాళ్లు, టిక్కెట్టుతో పని లేనివాళ్లు కూడా లోపలికి వచ్చి బోర్డు చదువుకుని పోయేవాళ్లు. రైల్లో రెండు రాత్రులు కూర్చుని వచ్చినవాళ్లకు ఆ అంకెలు చూడటం ఒక వినోదం.

ఆ బోర్డును అందరికంటే ఎక్కువ నమ్మినవాడు మా ఆఫీసు పక్కనున్న కాఫీ అంగడాయన. కాఫీ తెచ్చినప్పుడల్లా దానివైపు ఒకసారి చూసేవాడు. ఆయన చెల్లెలు ఢిల్లీలో ఉండేది. ఆమె భర్తకు అక్కడ కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. పెళ్లయి వెళ్లాక ఆమె పుట్టింటికి వచ్చింది రెండుసార్లే, ఆ రెండుసార్లూ రైల్లోనే. అంగడిలో ఎవరైనా అడిగితే మాత్రం ఆయన లెక్క వేరుగా ఉండేది.

“ఢిల్లీ అంటే యాడనో అనుకుంటాండారా? రెండు, ఒకటిన్నర. మూడున్నర గంటలు. మా చెల్లెలు ఆడ దోసె తిని బయల్దేరితే మద్దేనం సంగటికి ఈడుంటుంది.”

ఒకరోజు తల్లిని కూడా లోపలికి తీసుకొచ్చాడు. పొద్దున్నే అంగడికి వచ్చి పచ్చడి రుబ్బి వెళ్లే మనిషి. చదువు రాదు, చెవులు సరిగా వినబడవు. కొడుకు పటం మీద వేలు పెట్టి చూపించిన చోట కాసేపు చూసింది.

“ఇదేనా ఢిల్లీ?”

“ఇదేనమ్మా.”

“రోంత దూరమే కదప్పా,” అంది.

పటం మీద నిజంగానే జానెడు కంటే ఎక్కువ లేదు. కూతురు గుర్తొచ్చి ఆమె దిగులు పడినప్పుడల్లా కొడుకు ఆ మూడున్నర గంటల మాటే చెప్పేవాడు. ఆమె అదే మాట ఇరుగుపొరుగుకు చెప్పేది. తనకేమన్నా అయితే అంతసేపట్లో కూతురు వచ్చేస్తుందని.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడాది మొదట్లో మా నాయన పోయాడు. నేను ట్రైనింగుకు మద్రాసులో ఉన్నాను. మద్రాసు నుంచి మా ఊరికి బస్సులో ఒక పూట ప్రయాణం. నేను దిగేసరికి అంతా అయిపోయింది. అన్న ఉన్నాడు కదా, కూతురి కోసం ఆగడం ఎందుకని పెద్దవాళ్లు అనుకున్నారు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. ఆ రోజు నేను కూడా ఏమీ అనలేదు. ఆ సంగతి మనసులో పెట్టుకున్నదాన్నే కాబట్టి తర్వాత జరిగినది నేను ఒక పక్కన నిలబడి చూశానని చెప్పలేను.

ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. ఒకరోజు పొద్దున కాఫీ అంగడి తెరవలేదు. తెల్లవారుజామున తల్లి చనిపోయిందని పక్కన పూలు అమ్మే ఆమె చెప్పింది. ఆ రోజు హైదరాబాదు విమానం ఉంది. ఆఫీసు మూసి వెళ్లడానికి లేదు. మధ్యాహ్నం ఒకరి తర్వాత ఒకరం వెళ్లి చూసి వద్దామన్నాడు సీనియర్.

ఒంటిగంట దాటాక అంగడాయనే వచ్చాడు. తల మీద తువ్వాలు, ఒంటి మీద పంచె. మైల అని గడప దాటలేదు. బయటే నిలబడ్డాడు.

“ఏందన్నా, ఇమానం ఇంగా రాలేదా?” అని అడిగాడు.

సీనియర్ లేచి గడప దగ్గరికి వెళ్లాడు. “ఏ ఇమానం నాయనా?”

“మా చెల్లెలు వచ్చేది. పొద్దున్నే ఫోను దొరికింది. మద్రాసు ఇమానంలో సీటు లేదంట. తొమ్మిదికి హైదరాబాదుది ఉండాది, ఎక్కుతానని సెప్పింది. తొమ్మిదికి మూడున్నర కలిపితే పన్నెండున్నర కదన్నా? మా మామకు అదే సెప్పి ఒప్పిచ్చినాను.”

సీనియర్ వెనక్కి తిరిగి బోర్డు వైపు చూశాడు. నేనూ చూశాను.

“అబ్బా, అది గాల్లో ఉండే టైము,” అన్నాడు. “హైదరాబాదులో దిగి ఇంకొకటి ఎక్కాల. అది రెండుకి గానీ బయల్దేరదు. అన్నీ సరిగ్గా ఉంటే మీ ఇంటికి వచ్చేదానికి నాలుగు దాటుతుంది.”

“మరి నేల మీద ఉండే టైము యాడ రాసినారు?”

కోపంగా అడగలేదు. ఎక్కడో రాసి ఉంటుంది, తనే చూసుకోలేదు అన్నట్టు అడిగాడు. తర్వాతి వారం సీనియర్ ఆ బోర్డు కింద, ఇది విమానం గాల్లో ఉండే సమయం మాత్రమే అని ఒక వరుస కలిపాడు. దాన్ని ఎవరైనా చదివినట్టు నాకు కనబడలేదు.

ఇంటి పరిస్థితి అంగడాయన నిలబడే చెప్పాడు. మేనమామ చంద్రగిరి నుంచి వచ్చాడు. చనిపోయినామెకు తమ్ముడు, ఇంటికి ఆయనే పెద్ద. ఎదురింట్లో మరుసటి రోజు పెళ్లి. సాయంత్రానికి మగపెళ్లివారు బస్సులో దిగుతారు. వీధిలో శవం ఉండగా ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించరు, పెళ్లికొడుకు ఆ వీధిలో అడుగు పెట్టడు. అందుకని మామ పొద్దున్నే ఎత్తాలన్నాడు. పన్నెండున్నరకు చెల్లెలు వస్తుందని ఈయన బతిమాలితే అప్పటిదాకా ఆగాడు. ఇప్పుడు ఆ గడువూ దాటింది.

సీనియర్ ఎయిర్‌పోర్టుకు ఫోను చేశాడు. అక్కడ టెలిప్రింటరు ఉంది. హైదరాబాదు వాళ్లను అడగమన్నాడు. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. హైదరాబాదు మనిషి వెయిటింగ్ హాల్లోకి వెళ్లి చూసి వచ్చాడట. ఆమె ఉంది. ఒక్కతే కూర్చుని ఉంది. విమానం మాత్రం రెండుకు బయల్దేరదు. ఇంజనులో ఏదో చూస్తున్నారు. ఎప్పటికి అవుతుందో చెప్పలేరు.

అంగడాయన విని తల ఊపాడు. ఇంటికి వెళ్లి ఏం చెప్పాలని అడిగాడు. నువ్వు పద, మా మనిషి వచ్చి చెబుతుంది అని సీనియర్ ఆయన్ను పంపాడు.

“దిగేసిందని సెప్పేద్దాం సార్,” అన్నాడు డ్రైవరు. అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి వింటున్నాడు. “వ్యాను పంచరయింది, దారిలో ఉండాదని సెప్పేద్దాం. వ్యాను నాది, పంచరు నాది. ఎవురికి నష్టం?”

“రాకపోతే?”

“రాకపోతే రేపు సూసుకుందాం.”

“ఎదురింట్లో పెళ్లి రేపు సూసుకుంటారా? ఆ పెళ్లాయనకి ఏం సమాధానం సెప్తావు? పంచరు సరిగ్గా ఎయ్యలేదంటావా?”

సీనియర్ నాకేసి తిరిగాడు. “నువ్వు పోయి ఉండేది ఉండేట్టు సెప్పమ్మా. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. ఆడమనిషి సెప్తే రోంత వింటారు.”

ఆడమనిషి మాట వినే అలవాటు ఆ ఇంట్లో ఉంటే నన్ను పంపాల్సిన అవసరమే ఉండేది కాదు. నిజానికి నాకు డ్రైవరు మాటే నచ్చింది. దారి పొడుగునా పంచరు సంగతే ఆలోచిస్తూ నడిచాను.

వీధిలోకి తిరగగానే రెండు పందిళ్లు ఎదురెదురుగా కనబడ్డాయి. ఒకదాని కింద అరటి చెట్లు కట్టి ఉన్నాయి. పక్కన గాడిపొయ్యి తవ్వి పెట్టారు గానీ వెలిగించలేదు. వంటవాళ్లు బోర్లించిన గుండిగల మీద కూర్చుని ఉన్నారు. పెళ్లికూతురి తండ్రి రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఇవతలికి వస్తే మైల, రేపు కన్యాదానం చేయాల్సిన మనిషి. అవతలికి వెళ్లి లోపల కూర్చోవడానికీ మనసు రావడం లేదు. నన్ను చూసి చేతులు జోడించాడు. ఎందుకో ఆయనకే తెలియదనుకుంటాను.

మామ ఇవతలి పందిరి కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, చెరుకు రైతు.

“ఎవురమ్మా నువ్వు?”

ఫలానా ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను.

“మావోడికి లెక్కలు నేర్పిచ్చింది మీరేనా?”

బోర్డు సంగతి చెప్పబోయాను.

“సరే, కూసో. ఉండేది సెప్పు. వస్తుందా, రాదా?”

“రావాల్సి ఉంది.”

“ఉంది అంటే? వచ్చినట్టా, రానట్టా?”

అప్పుడు మొత్తం చెప్పాను. పంచరు సంగతి నోటిదాకా వచ్చింది గానీ ఆయన ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. కూతురు హైదరాబాదులో ఉంది, విమానం బాగుచేస్తున్నారు, ఎప్పుడు బయల్దేరుతుందో తెలియదు అన్నాను. రేణిగుంటలో పొద్దు గూకాక విమానం దిగడానికి వీల్లేదు కాబట్టి ఆలోపల వస్తే వచ్చినట్టు, లేకపోతే ఈరోజుకు లేనట్టే అన్నాను.

“అంటే పొద్దుకీ ఇమానానికీ పందెం.”

“అంతేనండి.”

“దిగినాక ఈడికి రావాలంటే?”

“అరగంట. మా డ్రైవరైతే ఇంకా తక్కువ.”

ఆయన ఎదురింటి పందిరి వైపు చూశాడు. పెళ్లికూతురి తండ్రి ఇంకా అక్కడే ఉన్నాడు.

“ఆ యప్ప నోరు తెరిసి అడగడు. అడగలేదని మనం పెట్టుకుని కూసుంటే బాగుండదు,” అన్నాడు. మేనల్లుడి వైపు తిరిగి, “నాలుగుకి ఎత్తాల,” అన్నాడు.

“మామా, ఇంకొక్క గంట.”

“కొరివి పెట్టేదానికి నువ్వుండావు. ఇంగేం కావాల?”

లోపల ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు. నేను లేచి వచ్చేయాల్సింది. కానీ అడిగాను. “కొడుకు రావాల్సి ఉంటే ఆగేవాళ్లు కదండీ?”

“ఆగేవాణ్ణే. అబద్దం ఎందుకు సెప్పాల?” అన్నాడు.

నేను వచ్చేశాను. ఆ మనిషి మీద నాకు చాలా కోపంగా ఉంది. అందులో సగం మా ఊరి పెద్దల మీదది.

ఆఫీసుకు వచ్చి, డ్రైవరుతో కలిసి వ్యానులో రేణిగుంటకు వెళ్లాను. వెళ్లాక చేయడానికి ఏమీ లేదు. తిరుపతిలో పొద్దు కొండ వెనక్కి దిగుతుంది, కాబట్టి సాయంత్రం తొందరగా వచ్చినట్టుంటుంది. ఎయిర్‌పోర్టు వాళ్లు మాత్రం ఏ రోజు పొద్దు ఎన్నింటికి గూకుతుందో అచ్చువేసిన పట్టిక చూసి లెక్కపెడతారు. నేను కొండను చూస్తూ, వాళ్లు పట్టికను చూస్తూ కూర్చున్నాం. నాలుగయింది. ఇప్పుడు ఎత్తుతుంటారు అన్నాడు డ్రైవరు.

తర్వాత టెలిప్రింటరు మోగింది. విమానం హైదరాబాదులో లేచింది. ప్రయాణికుల పేర్లు వచ్చాయి. ఆమె పేరు ఉంది. టెలిప్రింటరు దగ్గరి మనిషి పట్టిక చూసి, గడియారం చూసి, “సరిపోవచ్చు,” అన్నాడు. సరిపోతుంది అనలేదు. మా సీనియర్ విని ఉంటే సంతోషించేవాడు.

ఆ గంటన్నర గురించి రాయడానికి ఏమీ లేదు. బోర్డు మీద రాసినట్టే గంటన్నర పట్టింది. పంకాల చప్పుడు ముందు వినబడింది, తర్వాత విమానం కనబడింది. ఎండ ఇంకా రన్‌వే మీద ఉంది, చాలా ఏటవాలుగా.

దిగినవాళ్లలో ఎక్కువమంది కొండకు వచ్చినవాళ్లే. ఆమెను గుర్తుపట్టడం కష్టం కాలేదు. అన్న ముఖమే. చేతిలో ఒక గుడ్డ సంచి తప్ప ఏమీ లేదు. నేను ఎవరో చెప్పాను.

“ఎత్తేసినారా అక్కా?” అని అడిగింది. మొదటి మాట అదే.

“ఎత్తారు. నాలుగుకే.”

తల ఊపింది. “అనుకున్నాలే. మామ ఉండాడు కదా.”

దహనం అయిందో లేదో నాకు తెలియదని కూడా చెప్పాను. ఇంటికి వెళదామా అని అడిగాను. మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి పోరు.

“ఇంట్లో ఏముండాది అక్కా? ఆడికే పోనీండి. గేటు కాడ నిలబడతాను. పొగైనా సూస్తాను.”

డ్రైవరు నా జవాబు కోసం ఆగలేదు. వ్యాను నిండా ప్రయాణికులున్నారు. మూటలు సర్దుకోక ముందే బండి కదిలించాడు. ఆమె నా పక్కన కూర్చుంది. కొంతదూరం పోయాక తనంతట తనే మాట్లాడింది.

“అన్న సెప్పింది నిజమే అక్కా. గాల్లో మూడున్నర గంటలే. కండ్లు మూసి తెరిసినట్టుండాది. కింద కూసున్నదే ఎంతకీ తెల్లారలేదు.”

బండి రోడ్డు దిగి పక్కదారి పట్టేసరికి వెనక కూర్చున్న పెద్దాయన ఎక్కడికని అడిగాడు. డ్రైవరు చెప్పాడు. ఆయన భార్య, “దర్శనానికి పోయేవాళ్లం కదండీ,” అంది మెల్లగా. పెద్దాయన కొంచెం ఆలోచించి, “స్నానం చేయకుండా కొండెక్కుతామా ఏమిటి?” అన్నాడు.

శ్మశానానికి ఇంకా కొంత దూరం ఉండగా డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. “అమ్మా, సూడండి,” అన్నాడు.

దారి పక్కన నేల మీద పాడె ఉంది. చుట్టూ మగవాళ్లు నిలబడి ఉన్నారు. అంగడాయన చేతిలో నిప్పుకుండతో ఉన్నాడు. పాడె పక్కనే మట్టిలో మామ కూర్చుని ఉన్నాడు.

తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. పాడెను తీసుకుపోయేటప్పుడు దారిలో ఒకచోట కిందికి దించుతారు. దాన్ని దింపుడు కల్లం అంటారు. అయినవాళ్లు చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా ఉంటే పలుకుతారేమోనని. పలికినవాళ్లను నేను చూడలేదు, విన్నవాళ్లనూ చూడలేదు. అయినా అక్కడ దించి పిలవకుండా ఎవరూ ముందుకు పోరు. పిలవడం అయ్యాక మళ్లీ ఎత్తుతారు. అంతా కలిపి కొద్ది నిమిషాల పని.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాత అంగడాయన నాకు చెప్పాడు. నాలుగుకు ఎత్తారు. వీధి కడిగారు. మగపెళ్లివారు వచ్చేసరికి ఎదురింట్లో గాడిపొయ్యి మండుతోంది. ఇక్కడ పాడె దించారు. కొడుకు మూడుసార్లు పిలిచాడు. మోసేవాళ్లు మళ్లీ ఎత్తడానికి వంగారు. అప్పుడు మామ పాడె పక్కన చతికిలబడ్డాడు.

“మోకాళ్లు పట్టేసినాయప్పా. రోంత సేపు కూసుంటాను,” అన్నాడు.

పెద్దాయన కూర్చుంటే ఎత్తడం ఎలా? అందరూ నిలబడ్డారు. ఎంతసేపటికీ లేవలేదు. మోసేవాళ్లలో ఒకడు, “మామా, పొద్దు పోతా ఉండాది,” అన్నాడు.

“పోనీ. నేనేమన్నా పట్టుకోని ఉండానా?”

కర్మ జరిపించే దాసరయ్యకు ఓపిక తగ్గింది. పాడె ఇంతసేపు కింద పెట్టకూడదన్నాడు. పిలిచేది అయిపోయింది కదా అన్నాడు.

“మూడు తూర్లు పిలవమన్నారు, పిలిసినాం. ఎంతసేపు కాసుకోవాలని యాడన్నా రాసుండాదా?” అన్నాడు మామ. “మా అక్కకు చెవుడప్పా. రోంత సేపు పడుతుంది.”

ఇద్దరు ముగ్గురికి నవ్వు వచ్చిందట. ఆ తర్వాత ఎవరూ తొందరపెట్టలేదు. అంగడాయన నిప్పు ఆరిపోకుండా కుండలో ఎండు పుల్లలు, కొబ్బరి పీచు వేస్తూ నిలబడ్డాడు. స్నానం చేసి కట్టుకున్న తడి పంచె ఒంటి మీదే ఆరిపోయింది. మామ పడమటి వైపు పొద్దును చూస్తాడు, ఉత్తరం వైపు ఆకాశం చూస్తాడు. విమానం చప్పుడు వినబడినప్పుడు మాత్రం లేచి నిలబడి, అది రేణిగుంట వైపు దిగేదాకా చూసి, మళ్లీ కూర్చున్నాడట.

వీధిలో ఉంచనన్న మాట ఆయన తప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నమే ఈ ఆలోచన ఉందో, పాడె దించాక వచ్చిందో నాకు తెలియదు. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఆయన్ను కలిశాను గానీ అడగలేదు. ఆయన చెప్పే మనిషి కాదు.

ఆమె వ్యాను దిగింది. నేనూ దిగాను. మగవాళ్లు దారి ఇచ్చారు. మామ కూర్చున్న చోటి నుంచే తల ఎత్తి చూశాడు.

“వచ్చినావామ్మా?”

“వచ్చినాను మామా.”

“పిలువు.”

ఆమెకు అర్థం కాలేదు. “అన్న పిలిసినాడు కదా?”

“వాడు పిలిసింది వాడిది. నువ్వు పిలువు. మూడు తూర్లు.”

దాసరయ్య ఏదో అనబోయి ఊరుకున్నాడు. కూతురు పిలిచే పద్ధతి ఉందో లేదో నాకు తెలియదు. ఆయన అడ్డు చెప్పలేదు, అంతే. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. ముఖం మీద పడిన పూలను పక్కకు తీసింది. వంగి చెవి దగ్గర నోరు పెట్టింది. మొదటిసారి పిలిచింది ఎవరికీ వినబడలేదు.

“గెట్టిగా,” అన్నాడు మామ.

రెండోసారి వినబడింది. మూడోసారి “అమ్మా” అనలేదు. “వచ్చినానమ్మా,” అంది. వ్యానులో ఉన్నవాళ్లకు కూడా వినబడి ఉంటుంది.

మోసేవాళ్లు కదలలేదు. అందరూ మామ వైపే చూశారు. ఆయన చూపు మేనకోడలి మీదే ఉంది. ఆమె తల్లి చెంప మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అంగడాయన నిప్పుకుండ కింద పెట్టి చెల్లెలి వెనక నిలబడ్డాడు. కొండ వెనక పొద్దు పోయింది గానీ వెలుతురు ఇంకా ఉంది. కొంతసేపటికి ఆమె తనే చెయ్యి తీసి లేచింది. నేను వెళ్లి పట్టుకున్నాను. ఆడవాళ్లం అక్కడి నుంచి ముందుకు పోయేది లేదు.

“ఇంగ ఎత్తండప్పా,” అన్నాడు మామ.

మోకాళ్లు పట్టేసిన మనిషి, నేల మీద చెయ్యి కూడా ఆనించకుండా లేచి, అందరికంటే ముందు వంగి పాడె కింద భుజం పెట్టాడు.